మా అబ్బాయికి మొదటి పాము: కార్న్ స్నేకా, బాల్ పైథానా?

శ్రీను_ఫ్రిస్కో (టెక్సస్)

అందరికీ నమస్కారం. మా వాడికి 11 ఏళ్లు. రెండేళ్లుగా పాము కావాలని అడుగుతున్నాడు. నాలుగు రోజులైతే వాడే మర్చిపోతాడనుకున్నాను. మర్చిపోలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని నోట్సు రాసుకున్నాడు. పోయిన నెల రెప్టైల్ ఎక్స్‌పోకి (పాముల్లాంటి సరీసృపాలు అమ్మే ప్రదర్శన) తీసుకెళ్తే, అక్కడ అమ్మేవాళ్లను వాడు అడిగిన ప్రశ్నలు విని నాకే ఆశ్చర్యమేసింది. ఇక కాదనలేను.

నేను పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. మినప చేలో మా పెదనాన్నను రక్తపింజర కరిచింది. బతికారు, కానీ నెల రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. అందుకే పాము అంటే నాకు ఇప్పటికీ బెరుకే. వాడి కోసం నేర్చుకుందామనుకుంటున్నాను.

ఇంట్లో పరిస్థితి ఇదీ. నా భార్య శాకాహారి. పాము ఉంటే ఫర్వాలేదు గానీ వంటింటి ఫ్రీజర్‌లో ఎలుకలు పెడితే మాత్రం ఒప్పుకోనంటోంది. చిన్నపాపకి 3 ఏళ్లు. దసరా వెళ్లాక మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి 6 నెలలు ఉంటారు. మా వాడు మనసుపడ్డవి కార్న్ స్నేక్, బాల్ పైథాన్ (చిన్న కొండచిలువ), పిల్ల బోవా (అదీ కొండచిలువలాంటిదే), మూడూ విషం లేనివే. ఎక్స్‌పోలో ఒకాయన బాల్ పైథాన్ తీసుకోండి, పెట్టినచోట అలాగే ఉంటుంది అన్నాడు. నిజంగా పెంచుతున్నవాళ్లు చెప్పండి.

కుబుసం (అరిజోనా)

శ్రీను గారూ, నేను 14 ఏళ్లుగా పెంచుతున్నాను, ఇప్పుడు ఇంట్లో ఆరు పాములున్నాయి. మీ ఇంటికి కార్న్ స్నేక్ అంటాను. కొత్తవాళ్లు చేసే తప్పుల్ని అది తట్టుకుంటుంది. మొదటి ఏడాది ఎవరికైనా ఒక వారం తేమ తప్పుతుంది, ఒక రాత్రి వేడి తప్పుతుంది. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, మన జెర్రిపోతుకి దూరపు చుట్టం. పెట్టెలో ఒకవైపు 85 నుంచి 88 డిగ్రీల ఫారన్‌హీట్, రెండోవైపు 75 దగ్గర, తేమ 40 నుంచి 60 శాతం ఉంటే చాలు. ఏసీ నడిచే ఇంట్లో ఇది కష్టం కాదు. పెద్దదైతే 3 నుంచి 5 అడుగులు. 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అంటే మీ వాడు కాలేజీకి వెళ్లిపోయాక కూడా అది మీ దగ్గరే ఉంటుంది. ఆ సంగతి మీ దంపతులిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి.

గుడ్డులోంచి వచ్చి నెలైన పిల్లను మాత్రం తేవద్దు. పెన్సిలంత ఉంటుంది, మూత దగ్గర చిన్న సందు దొరికినా జారిపోతుంది. చెయ్యి దగ్గరికి వస్తే బెదిరి కంపు కొట్టే ద్రవం వదులుతుంది. పిల్లాడు అక్కడే నిరుత్సాహపడతాడు. ఏడాది వయసున్నది తీసుకోండి. కొనేముందు తిండి లెక్క అడగండి. ఏ తేదీన తింది, ఎంత సైజు ఎలుక తింది, ఫ్రీజ్ చేసినదాన్ని కరిగించి పెడితే తింటుందా, ప్రాణమున్నదే కావాలా. ఆ లెక్క చూపించలేనివాళ్ల దగ్గర కొనకండి. జాతి ఏదైనా సరే, కొత్తవాళ్లు ఏడ్చేది తొంభై పాళ్లు తిండి దగ్గరే. అందుకే నాకు జాతి పేరు కంటే ఆ కాగితం ముఖ్యం.

గోదారిపిల్ల (ఒహాయో)

నా దగ్గర ఎనిమిదేళ్లుగా ఒక ఆడ బాల్ పైథాన్ ఉంది. అదంటే నాకు ప్రాణం. అయినా ఎక్స్‌పోలో మీకు చెప్పిన మాట సగమే నిజం.

చేతిలో నెమ్మదిగా ఉండే మాట నిజమే. భయపడితే ఉండలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది, అందుకే ఆ పేరు. పాము అంటే బెరుకున్న పెద్దవాళ్లకి కార్న్ స్నేక్ చురుకుతనం కంటే ఈ నెమ్మదే ధైర్యమిస్తుంది. ఇక మిగతా సగం. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. వెచ్చగా 88 నుంచి 92 డిగ్రీల చోటు కావాలి, తేమ 60 శాతానికి తగ్గకూడదు. ఇక్కడ చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో గాలి ఎండిపోతుంది. మొదటి ఏడాది నాకు అది తెలియక కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. కంటి మీది పొర ఒకటి అంటుకుపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

రెండోది ఉపవాసం. మాది ఒక ఏడాది అక్టోబర్ నుంచి మార్చి దాకా ముద్ద ముట్టలేదు. ప్రతి ఆదివారం వంటింటి త్రాసు లాంటిది ఒకటి దానికోసమే విడిగా కొని తూచేదాన్ని. ఐదు నెలల్లో 1,480 గ్రాముల నుంచి 1,410కి వచ్చింది, అంతే. పెద్ద పాముకి అది ప్రమాదం కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం రోజూ టెన్షనే. పదకొండేళ్ల పిల్లాడు అన్ని నెలలు ఓర్చుకోగలడా అన్నది మీరే ఆలోచించాలి.

ఆయుష్షు కూడా ఎక్కువ. 30 ఏళ్లు మామూలే. 2020లో సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిందని అంచనా వేసిన బాల్ పైథాన్ 7 గుడ్లు పెట్టింది. అప్పటికి కనీసం 15 ఏళ్లుగా దాని దగ్గర మగ పామే లేదు.

తీసుకుంటే గనక స్పైడర్ అనే రంగు రకం వద్దు. చూడ్డానికి బంగారు రంగు మీద సాలెగూడులా బాగుంటుంది. ఆ రంగుతో పాటు నరాల లోపం కూడా వస్తుంది, తల ఊగుతూ ఉంటుంది, ఎర మీద గురి తప్పుతుంది. అది జన్యువులోనే ఉంది, మంచిగా పెంచినా పోదు.

తులసికోట (న్యూజెర్సీ)

మాది కూడా శాకాహారుల ఇల్లే. గుడ్లు మాత్రమే తినే పాము ఉందని విన్నాను. శ్రీను గారి ఇంటికి అది సరిపోతుందా?

కుబుసం (అరిజోనా)

ఉందండీ. ఆఫ్రికా గుడ్డు తినే పాము. పక్షి గుడ్డు మింగి, మెడ లోపలి ఎముకలతో పగలగొట్టి, సొన తాగి పెంకు బయటికి కక్కేస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ చిక్కేమిటంటే, చిన్న పాము నోట్లో కౌజు పిట్ట గుడ్డు కూడా పట్టదు. ఫించ్ లాంటి చిట్టి పిట్టల గుడ్లు ఏడాది పొడవునా తాజాగా దొరకాలి. పైగా అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా అడవిలో పట్టినవే. శాకాహారుల ఇంటికి సులువనిపిస్తుంది గానీ కొత్తవాళ్లకి ఇదే కష్టం.

మీకు ఎలుక అసలు వద్దనుకుంటే గార్టర్ స్నేక్ గురించి చదవండి. వానపాములు, చేపలు తింటుంది. పగలు తిరుగుతుంది, పిల్లలకి చూడ్డానికి బాగుంటుంది. చేపల్లో గోల్డ్‌ఫిష్ లాంటివి పెట్టకూడదు, వాటిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. అది మళ్లీ ఒక చదువు. ఎలుకైతే మొత్తంగా మింగుతుంది కాబట్టి ఎముక, కాలేయం అన్నీ వెళ్తాయి, పోషకాల లెక్క మనం చూసుకోనక్కర్లేదు.

శ్రీను గారూ, ఫ్రీజర్ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది. చిన్న ఫ్రీజర్ ఒకటి గరాజ్‌లో పెట్టండి, ముందురోజే కరిగించడానికి ఒక మూత డబ్బా, వేడినీళ్లకి ఒక గిన్నె, పొడవాటి పటకారు. ఇవేవీ వంటింట్లోకి రాకూడదు. మైక్రోవేవ్‌లో కరిగించడం అసలు కూడదు.

పాతకాపు (కాన్సస్)

బోవా అన్న మాట చూసి రాస్తున్నాను. 2009లో బర్మీస్ పైథాన్ అనే పెద్ద కొండచిలువ జాతి పిల్లను, రెండడుగులది, కొన్నాను. అప్పటికి నేను బ్యాచిలర్‌ని. అరచేతిలో పట్టేది. నాలుగేళ్లకి 11 అడుగులైంది. ఎర పెట్టాలంటే ఇంకొక మనిషి పక్కన ఉండాలి, నా రూమ్మేట్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. 2012లో ఫెడరల్ ప్రభుత్వం బర్మీస్ పైథాన్‌ని హానికర జాతుల్లో చేర్చింది, అప్పట్లో రాష్ట్రం దాటించడం కుదరదన్నారు. మరుసటేడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. దాన్ని ఒక సంరక్షణ కేంద్రానికి ఇచ్చి వచ్చాను. కారులో తిరిగొస్తూ ఏడ్చాను. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ఇవాళ అక్కడి కుందేళ్లనీ రకూన్‌లనీ తినేస్తున్న పాములు మా లాంటి వాళ్ల ఇళ్ల నుంచి, అమ్మేవాళ్ల దగ్గర నుంచి బయటపడ్డవాటి సంతానమే.

పిల్ల బోవా అంత పెద్దది కాదు, కానీ ఆరడుగులు అవుతుంది, కొన్ని రకాలు ఎనిమిది కూడా దాటతాయి. బలం చేతికి తెలుస్తుంది. మంచి పామే. పిల్లాడికి 16, 17 ఏళ్లు వచ్చాక, ఒక పామును ఐదేళ్లు చూసుకున్నాక అడిగితే అప్పుడు సరేననండి.

పందిముక్కు_ప్రేమికురాలు (ఇలినాయ్)

ఎవరూ వెస్టర్న్ హాగ్‌నోజ్ పేరెత్తలేదు! పైకి తిరిగిన చిన్న ముక్కు, బుస కొట్టి మెడ వెడల్పు చేసి గుద్దుతుంది గానీ చాలాసార్లు నోరు తెరవదు. ఆడది రెండడుగులు, రెండున్నర. మగది ఇంకా చిన్నది. చిన్న ఇంటికి ఇంతకంటే మంచి పాము లేదనుకుంటాను.

కుబుసం (అరిజోనా)

నాకూ ఇష్టమేనండీ, ఒకటుంది. కానీ దానికి వెనక కోరలుంటాయి, లాలాజలంలో కొద్దిపాటి విషం ఉంటుంది. గట్టిగా పట్టుకుని నమిలితే చెయ్యి వాచిన సందర్భాలున్నాయి. మనిషిని చంపదు, నిజమే. 3 ఏళ్ల పాప ఉన్న ఇంటికి, పెదనాన్నని పింజర కరవడం చూసిన నాన్నకి, మొదటి పాముగా నేను చెప్పలేను. పిల్లలప్పుడు తిండి దగ్గర మొండికేయడం కూడా ఎక్కువ. అడవిలో కప్పలు తినే జాతి కదా, ఎలుకకి చేప వాసన పట్టించి బతిమాలాల్సి వస్తుంది.

పందిముక్కు_ప్రేమికురాలు (ఇలినాయ్)

పాప సంగతి నేను గమనించలేదు. ఒప్పుకుంటాను. రెండో పాముగా ఉంచుకోండి.

అట్లాంటా_బాబాయ్ (జార్జియా)

ఈ చర్చ చదివే మా ఊరివాళ్లకి ఒక హెచ్చరిక. జార్జియాలో కార్న్ స్నేక్ పెంచడం చట్టవిరుద్ధం. ఇక్కడి అడవి పాము కాబట్టి, విషం లేని స్థానిక జాతుల్ని ఇంట్లో ఉంచుకోకూడదు. ఫారంలో పుట్టినదైనా, రంగు మారినదైనా అంతే. ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌ని మాత్రం ఉంచుకోవచ్చు. అందరూ కొత్తవాళ్లకి కార్న్ స్నేక్ అంటారు గానీ మాకు అది కుదరదు. హవాయిలోనైతే ఏ పామూ కుదరదు, పట్టుబడితే 2 లక్షల డాలర్ల దాకా జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. ఇల్లు మారే ఆలోచన ఉన్నవాళ్లు వెళ్లే రాష్ట్రం చట్టం కూడా చూసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే లీజు కాగితం కూడా చదవండి.

యారా_తీరం (మెల్‌బోర్న్)

మా ఆస్ట్రేలియాలో పూర్తిగా తలకిందులు. బయటి దేశాల పాములు నిషేధం, కార్న్ స్నేక్ కూడా. ఇక్కడి జాతులే, అదీ లైసెన్సుతో. కొత్తవాళ్లకి అందరూ చెప్పేది చిల్డ్రన్స్ పైథాన్. పిల్లల కోసమని ఆ పేరు రాలేదు, చిల్డ్రన్ అన్నది ఒక బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఇంటిపేరు. మూడడుగుల దగ్గరే ఉంటుంది, బాగా తింటుంది. దాని తర్వాత మెట్టు కార్పెట్ పైథాన్, ఆరడుగులు దాటుతుంది, ఆకలేస్తే చురుగ్గా ఉంటుంది. ఆకుపచ్చ ట్రీ పైథాన్ ఫోటోలు చూసి చాలామంది ముచ్చటపడతారు. అది చెట్టుకొమ్మ మీద చూసి ఆనందించే పాము, చేత్తో పట్టుకునేది కాదు. తేమా గాలీ రెండూ సరిగ్గా కుదరాలి. పదేళ్లు పెంచినవాళ్లే దానికి భయపడతారు.

కాలేజీ_కుర్రాడు (వరంగల్)

అన్నా, మన దగ్గర జెర్రిపోతు పెంచుకోవచ్చా? మా పొలంలో చాలా ఉన్నాయి. విషం లేదు కదా.

నల్లమల_నేస్తం (హైదరాబాద్)

తమ్ముడూ, వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన పాముల్ని పట్టడం, ఇంట్లో ఉంచడం రెండూ నేరమే. జెర్రిపోతు, నీరుకట్టె, రెండు తలల పాము, కొండచిలువ, ఏదైనా సరే. రెండు తలల పాము అదృష్టం తెస్తుందని లక్షలు పలుకుతుందంటూ ఎవరైనా నీ దగ్గరికి వస్తే దూరంగా ఉండు. దానికి ఉన్నది ఒక్కటే తల. తోక మొద్దుగా తలలా ఉంటుంది, శత్రువు తోకని తల అనుకోవాలని. ఆ మూఢనమ్మకం వల్ల ఎన్ని పాముల్ని సంచుల్లో కుక్కి హింసించారో నేను కళ్లారా చూశాను.

బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల సంగతి వేరు. వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్నవాటిని మన దేశంలో ఉంచుకుంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా ఎవరో సోషల్ మీడియాలో అమ్మేవి కొంటే అది దొంగరవాణాకి డబ్బు కట్టడమే.

మీ పొలంలో జెర్రిపోతులుంటే అంతకంటే ఏం కావాలి? ఎలుకల్ని తిని నీ వరిని కాపాడుతున్నాయి. అక్కడే చూడు, ఫోటోలు తియ్యి, కట్లపాముకీ విషం లేని చారల పాముకీ తేడా నేర్చుకో. ఈ పని మీద నిజంగా మనసుంటే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, వాళ్లు ఇళ్లల్లోకి వచ్చిన పాముల్ని పట్టి అడవిలో వదులుతారు. నేర్పేవాళ్లు పక్కన లేకుండా మాత్రం పాము మీద చెయ్యి వెయ్యకు.

డాక్టరమ్మ (నార్త్ కరొలినా)

పశువైద్యురాలిగా రెండు మాటలు. పాములు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా బ్యాక్టీరియాని మోస్తాయి. 5 ఏళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు ఉన్న ఇళ్లలో సరీసృపాలు వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సలహా. మీ ఇంట్లో 3 ఏళ్ల పాప ఉంది, అత్తగారూ వస్తున్నారు. నా మొదటి సలహా రెండేళ్లు ఆగమనే. ఆగలేమంటే, పాము పెద్దవాడి గదిలో తాళం వేసిన పెట్టెలో ఉండాలి, పాప ముట్టుకోకూడదు, పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు, నీళ్ల గిన్నె బాత్రూం సింక్‌లో కాకుండా విడి బకెట్లో కడగాలి.

రెండోది థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం. అది లేకుండా హీట్ మ్యాట్‌ని (పెట్టెను వేడి చేసే కరెంటు పట్టీ) నేరుగా గోడ ప్లగ్గులో పెడితే పొట్ట కాలిన పాముల్ని ఏటా చూస్తాను. పాముకి కాలుతున్న సంగతి తొందరగా తెలియదు, వెచ్చగా ఉందని దాని మీదే పడుకుంటుంది. డబ్బు తక్కువైతే పెట్టె అందం తగ్గించుకోండి గానీ థర్మోస్టాట్ మానకండి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు, రేపు చూద్దాం అనుకోవద్దు. కొనేముందే మీ దగ్గర సరీసృపాలు చూసే వైద్యులు ఎవరో కనుక్కోండి, అందరూ చూడరు.

శ్రీను_ఫ్రిస్కో (టెక్సస్)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టరమ్మ గారి మాట మీద ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నాం. రెండేళ్లు ఆగుదామని మా వాడితో అంటే, వాదించకుండా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చివరికి పైఅంతస్తులో వాడి గది, తలుపుకి పైన గొళ్లెం, పాప వైపు గేటు, అత్తగారు కింద గది, ఇలా కుదుర్చుకున్నాం. కార్న్ స్నేక్ ఖాయం. బోవా సంగతి పాతకాపు గారు రాసింది వాడికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

శ్రీను_ఫ్రిస్కో (టెక్సస్), రెండు నెలల తర్వాత

ఏడాది వయసున్న మగ కార్న్ స్నేక్ తెచ్చాం. పెంచినావిడ 40 భోజనాల లెక్క రాసిన కాగితం ఇచ్చింది, అన్నీ ఫ్రీజ్ చేసినవే. నాలుగడుగుల పెట్టె, రెండు దాక్కునే గూళ్లు, థర్మోస్టాట్, తాళం, గరాజ్‌లో ఫ్రీజర్, అన్నీ ముందే సిద్ధం చేసి వారం రోజులు వేడి సరిచూశాకే పామును తెచ్చాం. మొదటి వారం మేం దాన్ని ముట్టుకోలేదు. తర్వాత రెండుసార్లు తింది. మింగుతుంటే నేను కూడా నిలబడి చూశాను, ఇంత దగ్గరగా పామును ఎప్పుడూ చూడలేదు.

అత్తగారు వచ్చాక నాగుల చవితి పడింది. పాలు పెడతానన్నారు. పాము పాలు తాగదమ్మమ్మా, అరగవు అని మా వాడే నచ్చజెప్పాడు. ఆవిడ మా వాడి గది గుమ్మానికి పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. లోపలికి రాలేదు.

ఇప్పుడొక సందేహం. మూడు రోజులుగా కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి, రంగు మసకబారింది, నిన్న ఎలుక పెడితే ముట్టుకోలేదు. గూట్లోంచి బయటికి రావట్లేదు. గుడ్డిదైపోతోందేమోనని మా వాడు నిద్రపోలేదు.

కుబుసం (అరిజోనా)

కంగారు పడకండి, కుబుసం విడవబోతోంది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరి కళ్లు అలా కనిపిస్తాయి. ఇప్పుడు దానికి సరిగా కనిపించదు, అందుకే దాక్కుంటుంది. ఎలుక తీసేయండి, మళ్లీ పెట్టకండి, చేత్తో పట్టుకోకండి. గూట్లో తడిపి పిండిన నాచు కొంచెం పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి, ఆ తర్వాత మరో మూడు నాలుగు రోజులకి విడుస్తుంది. కుబుసం దొరికాక మీ వాడిని రెండు చూడమనండి. తల దగ్గర రెండు కంటిపొరలూ ఊడి వచ్చాయా, తోక చివర దాకా ముక్క మిగలకుండా వచ్చిందా. రెండూ ఉంటే ఆ రాత్రే ఎలుక పెట్టండి, ఆకలి మీద ఉంటుంది.